మనస్తత్వశాస్త్ర పుస్తకం కొనేముందు చివరి పేజీలు చూడండి

ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల దగ్గర మనిషి ప్రవర్తనపై రాసిన పుస్తకాలు గుట్టలుగా కనిపిస్తాయి గాని, వాటిలో ఏది నమ్మదగినదో అట్టను బట్టి తేల్చుకోలేము.

అటువంటప్పుడు లోపల బాగా ఆశ్చర్యం కలిగించే ప్రయోగం ఒకటి ఎంచుకుని, దాని వివరాలను చివరి పేజీల్లోని నోట్సులో వెతికి, పరిశోధకుల పేర్లను, సంవత్సరాన్ని ఫోనులో పరిశోధన పత్రాలను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో కొట్టి, పక్కన ‘రెప్లికేషన్’ అన్న మాట చేర్చండి. ఇతరులు అదే ప్రయోగాన్ని మళ్లీ చేసి ఉంటే, ఫలితం నిలబడిందో లేదో అక్కడే తెలుస్తుంది. ఒక్కో పుస్తకానికి ఇలా రెండు ప్రయోగాలు చూస్తే చాలు.

రచయిత పేరు పెద్దదైనా ఈ పని మానకండి. నోబెల్ గ్రహీత డేనియల్ కానెమన్ 2011 నాటి తన ‘థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో’లో ప్రైమింగ్ ప్రయోగాలను, అంటే ముందుగా చూసిన ఒక మాటో బొమ్మో మనకు తెలియకుండానే తర్వాతి ప్రవర్తనను మారుస్తుందని చెప్పే ప్రయోగాలను, గట్టిగా సమర్థించి, చిన్న నమూనాలతో చేసిన అధ్యయనాలను అతిగా నమ్మానని 2017లో తానే ఒప్పుకున్నారు, పాత ప్రతిలో ఆ మాట ఎలాగూ ఉండదు. అంతమాత్రాన ఆ పుస్తకం పనికిరానిది కాదు, ప్రైమింగ్ గురించి చెప్పే ఆ ఒక్క అధ్యాయాన్ని జాగ్రత్తగా చదవాలి, అంతే.

నోట్సు లేని అనువాదాలకు, వైద్యులు తమ రోగుల అనుభవాలను చెప్పే పుస్తకాలకు ఈ పద్ధతి పనికిరాదు. మరీ కొత్త అధ్యయనమైతే దాన్ని తిరిగి పరీక్షించినవారే ఉండకపోవచ్చు కనుక, వెతికినా ఏమీ దొరకకపోవడాన్ని నిజమనడానికి రుజువుగా తీసుకోకండి.