అడవి మట్టిలో కార్బన్ లెక్క – 4వ పాఠం: ముందు రాళ్లు తీయండి

పోయిన పాఠంలో ఒక గుంత మట్టి వివరాలిచ్చి, అక్కడ హెక్టారు నేలలో ఎంత కార్బన్ ఉందో లెక్కగట్టమన్నాను. చేసి పంపినవాళ్లలో ఎక్కువమందికి హెక్టారుకు 46.8 టన్నులు వచ్చింది. గుణకారం సరిగ్గానే ఉంది. కార్బన్ 1.2 శాతం, మట్టి సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.3 గ్రాములు, లోతు 30 సెంటీమీటర్లు. మూడూ గుణిస్తే అంతే. కానీ ఆ గుంత చంద్రగిరి వైపు, శేషాచలం కొండ అంచున తీసింది. గడ్డపార వేస్తే ఖణేల్‌మనే నేల అది. రాళ్ల సంగతి మీకే తడుతుందనుకుని వదిలేశాను, పొరపాటు నాదే.

ల్యాబ్‌లో మట్టిని ముందు 2 మిల్లీమీటర్ల జల్లెడ పడతారు. 1.2 శాతం అన్నది జల్లెడ కింద పడిన మట్టికే. సాంద్రత కూడా రాళ్లు తీసిన మట్టిదే ఇచ్చాను. పైన మిగిలిన క్వార్ట్‌జైట్ ముక్కల్లో మనం లెక్కపెట్టే కార్బన్ లేదు. గుంత 30 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు, అంటే 27 లీటర్లు. అందులోంచి తీసిన రాళ్లను నిండు బకెట్‌లో వేస్తే 10.8 లీటర్ల నీళ్లు పొర్లాయి. గుంతలో 40 శాతం రాయే! 46.8ని 0.6తో గుణించండి: సుమారు 28 టన్నులు. మీరు లేని కార్బన్‌ను 19 టన్నులు ఎక్కువ రాశారు. ఎర్రచందనం పెరిగేది ఇలాంటి రాతి నేలల్లోనే కాబట్టి మన కొండల్లో ఈ తప్పు చిన్నది కాదు.

కొందరు 46.8ని కార్బన్ డయాక్సైడ్ అని రాశారు. అది కావాలంటే కార్బన్ టన్నులను 3.67తో గుణించాలి.

ఇంకొకరు ‘ఏడాదికి 46.8 టన్నులా?’ అని అడిగారు. కాదండీ, అది నిల్వ. రాలిన ఆకులో కార్బన్ చాలావరకు చెదలు, శిలీంధ్రాలు, సూక్ష్మజీవులు తినేయగా మళ్లీ గాలిలోకే పోతుంది. బంకమట్టి రేణువులకు అంటుకున్న కొద్దిపాటిదే దశాబ్దాలు, ఒక్కోసారి శతాబ్దాలు నిలుస్తుంది. పెరిగిందో తగ్గిందో తెలియాలంటే కొన్నేళ్లాగి అదే చోట, అదే లోతులో, అదే నెలలో తవ్వాలి. నేనైతే వానలకు ముందే తవ్వుతాను, తడిమట్టి జల్లెడలో దిగదు.

అభ్యాసం: రిజర్వ్ ఫారెస్ట్‌లో అనుమతి లేకుండా తవ్వకండి. మామిడి తోటలో చెట్టు నీడన మూడు, ఎండపడేచోట మూడు గుంతలు తీయండి. గుంతలో పలుచని ప్లాస్టిక్ షీటు పరిచి, లీటరు మగ్గుతో అంచుదాకా నీళ్లు పోసి ఘనపరిమాణం కొలవండి. రాళ్లకు బకెట్ పద్ధతే. ఆరు గుంతల రాళ్ల శాతం విడివిడిగా పంపండి, సగటు నేను చూసుకుంటాను.