వడపప్పు: నీరు కారకుండా, మన రుచికి తగ్గట్టు

శ్రీరామనవమినాడు పానకంతో పాటు చేతిలో పెట్టే వడపప్పుని మనం ప్రసాదం లెక్కలోనే చూస్తాం. కన్నడిగులు మాత్రం దీన్నే కోసంబరి అని పెళ్లి విస్తట్లో వడ్డిస్తారు. ఉడికించే పని లేని సలాడ్ ఇది. ఎన్ని రకాలుగా మార్చుకున్నా తట్టుకుంటుంది, పప్పు నానడం, నీరు కారడం ఈ రెండూ చూసుకుంటే చాలు.

నలుగురికి అరకప్పు పెసరపప్పు, అంటే 100 గ్రాములు. మూడుసార్లు కడిగి 45 నిమిషాల నుంచి గంట వరకు నానబెట్టండి. ఒక పలుకుని గోటితో నొక్కి చూడండి. పుటుక్కున విరగాలి, మధ్యలో పొడిపొడిగా తెల్లటి చుక్క ఉండకూడదు. ఉంటే ఇంకో పావుగంట ఆగండి. మూడు నాలుగు గంటలు వదిలేస్తే మాత్రం కరకర పోయి, నోట్లో పిండిలా తగులుతుంది. నీళ్లు వంచేశాక పొడిబట్ట మీద పది నిమిషాలు ఆరబెట్టండి. చాలామంది వదిలేసేది ఈ పనే, గిన్నె అడుగున నీళ్లు తేలేది కూడా ఇందుకే.

అసలు పద్ధతిలో ఒక కీరదోస, పావుకప్పు కొబ్బరి కోరు, రెండు చెంచాల మామిడికాయ తురుము, ఒక పచ్చిమిర్చి, కొత్తిమీర పడతాయి. కీరదోసని నిలువుగా చీల్చి, మధ్యలో గింజల భాగం చెంచాతో గీకేసి, అప్పుడు సన్నగా తరగండి. ఉప్పు తగిలితే ముక్క నీరు వదులుతుంది కాబట్టి అరచెంచా ఉప్పు సరిగ్గా వడ్డించబోయేటప్పుడే కలపాలి.

ఇక సొంత మార్పు. ముందు పులుపు మార్చి చూడండి, రుచి అంతా అక్కడే తిరుగుతుంది. మామిడికాయ దొరకని రోజుల్లో మామిడి అల్లం ఒక అంగుళం ముక్క చెక్కు తీసి తురమండి. పచ్చిమామిడి వాసన వస్తుంది గానీ పులుపు రాదు, అందుకని అరచెక్క నిమ్మరసం కూడా కావాలి. మామూలు అల్లం ఇందుకు పనికిరాదు, ఘాటు మిగతావాటిని మింగేస్తుంది.

రెండోది వేరుశెనగ. రెండు పెద్ద చెంచాల గుళ్లు దోరగా వేయించి, పొట్టు ఊది, కచ్చాపచ్చాగా దంచి చివర్లో చల్లండి. రుచి సంగతి అటుంచి, ఊరిన నీటిని ఇదే పీల్చుకుంటుంది. మెత్తటి పొడి చేస్తే ముద్దయిపోతుంది.

కీరకి బదులు పచ్చి దోసకాయ బాగుంటుంది, కరకర ఎక్కువ. కానీ ప్రతి కాయా ముందు ఒక ముక్క నమిలి చూడాల్సిందే, చేదు కాయ ఒక్కటి పడితే గిన్నెంతా పారబోయాలి. దానిమ్మ గింజలు చూడ్డానికి బాగుంటాయి, అంతకుమించి ఆశించకండి.

పోపు వేస్తే చెంచా నూనెలో అరచెంచా ఆవాలు, ఒక ఎండుమిర్చి, చిటికెడు ఇంగువ, కరివేపాకు సరిపోతాయి. వేడి పోపుని పప్పు మీదే పోసి, చల్లారాక కీర ముక్కలు, కొబ్బరి, చివర్లో నిమ్మరసం వేయండి. కీర ముక్కల మీద వేడిగా పోస్తే అవి వాడిపోతాయి. విదేశాల్లో ఫ్రీజర్ కొబ్బరి వాడేవాళ్లు దాన్ని పూర్తిగా కరిగించి, నీరు గట్టిగా పిండేసి వేయాలి.

నానిన పచ్చిపప్పు, కొబ్బరి ఎండాకాలం త్వరగా పులుస్తాయి, కలిపిన రెండు గంటల్లో తినేయండి. ఎక్కువయిందనిపిస్తే అప్పటికప్పుడే మిక్సీలో బరకగా తిప్పి, రెండు చెంచాల బియ్యప్పిండి కలిపి అట్లు పోసుకోవచ్చు.