మసాజ్ గన్ పట్టుకున్న చేతికి వణుకు రాకుండా డిజైన్ చేయడం

మసాజ్ గన్ అవతలోళ్ల నడుముకి హాయిగానే ఉంటది గానీ పట్టుకున్నోళ్ల చెయ్యే తిమ్మిరెక్కుద్ది, రోజంతా అదే పని చేసే ఫిజియోథెరపిస్టుల సంగతైతే ఇక చెప్పక్కర్లేదు.

ముందు వణుకుని పుట్టే చోటే తగ్గించండి, క్రాంక్‌కి (మోటార్ తిరుగుడుని పిస్టన్ ముందూవెనక కదలికగా మార్చే ముక్క) పిస్టన్ ఎదురువైపు కౌంటర్‌వెయిట్ (సరితూగే బరువు) పెట్టండి, అట్లాగని పిస్టన్ బరువు మొత్తం బ్యాలెన్స్ చేద్దామని పోతే వణుకు పోదు, అడ్డానికి తిరుగుద్ది, సగానికి అటూఇటూ ఆపేయండి.

అసలు పని మోటార్ బాడీకీ హ్యాండిల్‌కీ మధ్య పెట్టే రబ్బర్ బుష్‌లది (వణుకు అటు పోకుండా ఆపే మెత్తటి రబ్బర్ ముక్కలు). నిమిషానికి 2400 దెబ్బలంటే సెకనుకి 40, బుష్‌ల మీద ఆ మోటార్, హ్యాండిల్ సెట్టు దానంతటదే ఊగే స్పీడు సెకనుకి 13 సార్ల దగ్గర ఉండేంత మెత్తగా ఉంటే లెక్క ప్రకారం చేతికొచ్చేది ఎనిమిదో వంతే. గట్టి రబ్బర్ పెట్టి ఆ 13 కాస్తా 40 దగ్గరికి పోయిందా, వణుకు ఇంకా పెరుగుద్ది (నేను మొదట పాత స్కూటర్ బుష్ కోసి పెట్టి చేసిన ఘనకార్యం ఇదే). తక్కువ స్పీడులో కూడా చెక్ చేయండి, అప్పుడు దెబ్బలే ఆ 13 దగ్గరికి దిగొస్తాయి.

బ్యాటరీ హ్యాండిల్‌లోనే పెట్టండి, బరువుంటే తక్కువ ఊగుద్ది. పైన ఫోమ్ చుట్టేస్తే చాలనుకోకండి, ఈ స్పీడుకి దానివల్ల పెద్దగా ఒరిగేదేం లేదు.

చివర్లో హ్యాండిల్‌కి యాక్సిలరోమీటర్ (వణుకు ఎంతుందో కొలిచే సెన్సర్) పెట్టి కొలవండి, యూరప్ 2002 రూల్ ప్రకారం చేతికొచ్చే వణుకు 8 గంటల సగటు 2.5 మీ/సె² దాటితే జాగ్రత్తలు మొదలుపెట్టాల్సిందే.