బడ్జెట్ ఓటులో మీ ఎమ్మెల్యే ఎటున్నాడో కనిపెట్టేదెట్లా

అనంతపురంలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా హంద్రీ-నీవా సాగునీటి ప్రాజెక్టు మాట వస్తుంది. "మావాడు నిధుల కోసం సభలో కొట్లాడినాడు" అని ఒకరంటే "ఏం కొట్లాట, ఊరికే కూర్చుని వచ్చినాడు" అని ఇంకొకరు. ఇద్దరి దగ్గరా ఆధారం ఉండదు, ఎందుకంటే డబ్బు మీద సభలో జరిగే ఓటులో చాలావరకు పేర్లే మిగలవు. అయినా జాడలు దొరుకుతాయి, వెతకాల్సిన చోటు తెలిస్తే చాలు.

ముందు శాసనసభ వెబ్‌సైట్‌లో ఆ రోజు చర్చల ప్రతి తీయండి, లోక్‌సభకైతే వాళ్ల సైట్‌లో. పద్దు, అంటే ఒక శాఖ ఖర్చుకు సభ అనుమతి కోరే అంశం, ఆమోదం పొందిన చోట మూజువాణి ఓటా, డివిజనా చూడండి. మూజువాణి అంటే అవునన్న గొంతులు ఎక్కువో, కాదన్నవి ఎక్కువో స్పీకర్ విని చెప్పడమే. 2014 ఫిబ్రవరి 18న విభజన బిల్లు లోక్‌సభలో గట్టెక్కింది ఇట్లాగే, టీవీ ప్రసారం కూడా ఆగిన రోజు అది, మనం మరిచిపోలేం. పేర్లు రికార్డు కావాలంటే ఎవరో ఒకరు డివిజన్, అంటే ఎవరెటు ఓటేశారో నమోదు చేసే ఓటింగ్, అడగాలి. బయట మైకులో వ్యతిరేకం అని అరిచి, లోపల డివిజన్ అడగని మనిషి మాటను నేను లెక్కలోకి తీసుకోను. కాకపోతే ఒకటుంది, అడిగినా అనవసరం అనిపిస్తే లోక్‌సభ స్పీకర్ సభ్యులను లేచి నిలబడమని తల లెక్కించవచ్చు, అప్పుడు పేర్లు నమోదు కావు. కాబట్టి అడిగారా లేదా అన్నదే చూడండి.

తర్వాత గిలెటిన్. చర్చకు కేటాయించిన రోజులు అయిపోతే మిగిలిన పద్దులన్నీ కలిపి ఒకేసారి ఓటుకు పెట్టేస్తారు. 2018 మార్చి 14న ప్రత్యేక హోదా నినాదాల మధ్యే లోక్‌సభ బడ్జెట్‌ను చర్చ లేకుండా ఆమోదించింది. 2023 మార్చిలోనూ అంతే, దాదాపు 45 లక్షల కోట్లు. మన రాష్ట్రంలో 2021 మే 20న ఒక్కరోజు సమావేశం పెట్టి, డోన్ నుంచి గెలిచిన బుగ్గన రాజేంద్రనాథ్ రెడ్డి ఉదయం ప్రవేశపెట్టిన బడ్జెట్‌ను అదే రోజు ఆమోదించుకున్నారు, ప్రతిపక్షం ఆ సమావేశాన్నే బహిష్కరించింది. 2024లో పూర్తి బడ్జెట్ నవంబర్ 11న గానీ రాలేదు, పెట్టింది ఉరవకొండ ఎమ్మెల్యే పయ్యావుల కేశవ్, అంతవరకు ఓటాన్ అకౌంట్ (కొన్ని నెలల ఖర్చుకు సభ ఇచ్చే తాత్కాలిక అనుమతి), ఆర్డినెన్స్‌తో ఖర్చు నడిచింది. ఇద్దరు మంత్రులూ మన సీమవాళ్లే. బహిష్కరణ, వాకౌట్ చేసినవాళ్లు మేం ఒప్పుకోలేదని చెప్పుకోవచ్చు గానీ రికార్డులో వాళ్ల "కాదు" ఎక్కడా ఉండదు.

అధికార పార్టీ సభ్యుడైతే ఓటు చూసి ఏమీ తేల్చలేం. 1985లో రాజ్యాంగంలోకి వచ్చిన పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక నిబంధనలు) ప్రకారం విప్, అంటే ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం, దాటితే, ఓటేయకుండా గైర్హాజరైనా సరే, పార్టీ 15 రోజుల్లో క్షమించకపోతే సభ్యత్వానికే ముప్పు. అందుకని ఆయన అడిగిన ప్రశ్నలు, ఆ పద్దు మీద మాట్లాడిన మాటలు చూడాలి.

ప్రతిపక్షంవాళ్లకైతే కోత తీర్మానాలే అసలు పరీక్ష. విధానమే తప్పంటే పద్దును 1 రూపాయికి తగ్గించమని, ఫలానా సమస్య ఎత్తిచూపాలంటే 100 రూపాయలు కోయమని లోక్‌సభలో నోటీసు ఇస్తారు. ఆ నోటీసు మీద పేరు ఉంటుంది! అవి నెగ్గవని అందరికీ తెలుసు, అయినా పేరు పెట్టడానికి ఎవరు సిద్ధపడ్డారో తెలుస్తుంది. ఓటు దాకా పట్టుబట్టారా, మధ్యలో వెనక్కి తీసుకున్నారా అన్నది కూడా చూడండి.

ఇక ఆర్థిక శాఖ సైట్‌లో బడ్జెట్ పుస్తకాలు. భారీ నీటి ప్రాజెక్టుల పెట్టుబడి ఖర్చు 4700 అనే ఖాతా నంబరు కింద ఉంటుంది. మీ ప్రాజెక్టు వరసలో ఈ ఏడాది అంచనా, సవరించిన అంచనా, రెండేళ్ల కిందటి నిజమైన ఖర్చు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకే ఏడాదికి అంచనా పెద్దదిగా ఉండి ఖర్చు చిన్నదైతే, ఆ కోత మీద సభలో ఓటు పడనే లేదన్నమాట, ఏడాది మధ్యలో డబ్బు విడుదల కాకపోతే చాలు. నాకు అన్నిటికంటే కడుపు మండేది ఇక్కడే. ఏడాది చివర అదనపు ఖర్చుకు అనుమతి అడుగుతూ వచ్చే అనుబంధ పద్దులు కూడా చదవండి, డబ్బు ఎటు పోయిందో అక్కడ బయటపడుతుంది.

హాజరు వివరం దొరక్కపోతే 10 రూపాయల ఫీజుతో శాసనసభ సచివాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఈసారి ఆయన మీ ఊరికి వచ్చినప్పుడు పద్దు పేరు, తేదీ రాసిన కాగితం చేతిలో పెట్టుకుని మూడే అడగండి: ఆరోజు సభలో ఉన్నారా, కోత తీర్మానం ఇచ్చారా, డివిజన్ అడిగారా?