టవర్ సైట్ల కరెంటు తగ్గియ్యాలంటే ఎక్కడ మొదలుపెట్టాలె

నల్గొండ, దేవరకొండ, అచ్చంపేట దిక్కు సైట్లు చూసే తమ్ముళ్ల కోసం రాస్తున్న. మొబైల్ నెట్‌వర్క్ తినే కరెంటుల ఎక్కువ భాగం టవర్ల కాడనే పోతది, అండ్ల గూడ రేడియో లోపలి పవర్ యాంప్లిఫయరే ఎక్కువ గుంజుతది.

అట్లని సీదా రేడియో సెట్టింగుల మీద పడకుండ్రి, ముందు కొలవాలె. మీటర్ ఎంత తిరిగింది, రెక్టిఫయర్ (లైను కరెంటును రేడియోకు పనికొచ్చే డీసీగ మార్చే డబ్బా) కంట్రోలర్‌ల డీసీ లోడ్ ఎంత చూపెడుతుంది, రెండూ ఒక వారం రాసుకోండ్రి. తేడా మస్తుగుంటే గది చల్లబెట్టే ఏసీనో పాత రెక్టిఫయరో తింటున్నట్టు. షెల్టర్ (సామాను పెట్టే మూసిన గది) ఉన్న సైట్లల్ల చాలామంది ఏసీ 20 మీద పెట్టి పోతరు, లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 చుట్టుపక్కల ఉంటే సాలు, అంతకన్నా 10 డిగ్రీలు పెరిగితే మాత్రం బ్యాటరీ ఆయుష్షు సగానికి పడిపోతది, మన ఎండలకు అది యాదికుంచుకోవాలె. కేబుల్ పోయే సందులు మూయండ్రి, ఫిల్టర్ దులపండ్రి, చలికాలం రాత్రిళ్లు బయటి గాలి తెచ్చే ఫ్యాన్ ఉంటే ఏసీ పనే ఉండదు. రేడియో ఇంకా కిందనే ఉండి లావు ఫీడర్ (సిగ్నల్ మోసే కేబుల్) పైదాకా పోయిన సైట్ ఉంటే రేడియోను యాంటెన్నా పక్కకు ఎక్కించమని రాసి పంపుండ్రి, ఫీడర్‌ల 3 డీబీ పోయిందంటే సగం పవర్ కేబుల్‌లనే వేడయి పోయినట్టు.

ఇగ అసలు పొదుపు నిద్ర మోడ్‌లల్ల ఉంది. 4జీ రేడియో ఎవ్వరూ వాడకున్నా ప్రతి మిల్లీసెకనుకు రిఫరెన్స్ సిగ్నల్ (ఫోన్లు టవర్‌ను కొలుచుకునే సిగ్నల్) కొడుతనే ఉంటది, 5జీల సింక్ సిగ్నల్ (ఫోన్ టవర్‌ను పట్టుకునే సిగ్నల్) మామూలుగ 20 మిల్లీసెకన్లకోపారి, ఆ మధ్యల యాంప్లిఫయర్ పండుకోవచ్చు. అందుకే మొదట సింబల్ షట్‌డౌన్ (పంపేదేమీ లేని చిన్న చిన్న క్షణాల్ల యాంప్లిఫయర్‌ను ఆపుడు) ఆన్ చేయండ్రి, దాంతోని కస్టమర్‌కు తేడానే తెల్వదు. తర్వాత 64 పాత్‌ల మాసివ్ మైమో (ఒక్క యాంటెన్నాలనే చాలా పంపే దారులుండే రేడియో) ఉంటే రాత్రి కొన్ని పాత్‌లు బంద్ పెట్టండ్రి. ఆఖరుకు కెపాసిటీ కోసం పెట్టిన పై బ్యాండ్ క్యారియర్లు (ఎక్కువ ఫ్రీక్వెన్సీ మీద నడిచే అదనపు సిగ్నళ్లు) రాత్రి 12 నుంచి పొద్దున 5 దాకా ఆపొచ్చు. కవరేజ్ ఇచ్చే 700, 850, 900 మెగాహెర్ట్జ్ లేయర్‌ను మాత్రం ముట్టొద్దు, తండాల రాత్రి 2 గంటలకు ఎవరికన్నా నొప్పులొస్తే 108కి ఫోన్ కలవాల్సింది ఆ లేయర్ మీదనే.

గడియారం చూసి బంద్ చేసుడు కన్న ట్రాఫిక్ చూసి బంద్ చేసుడు మేలు. మేము ఒకపారి టైమ్ పెట్టి వదిలేసినం, నల్గొండ కాడి చెర్వుగట్టు గుడికి అమావాస్య రాత్రి జనం వస్తరని మర్శినం, పై క్యారియర్ నిద్రల ఉండంగ కిందిది నిండి కాల్స్ కలవలే, ఆ రాత్రి ఇప్పటికీ బాధైతది. జాతర ఉన్న సైట్లకు వేరే లిస్టు రాసుకోండ్రి.

జనరేటర్‌ను చిన్న లోడ్ మీద గంటలు గంటలు నడిపితే యూనిట్‌కు డీజిల్ ఎక్కువ తాగుతది. లిథియం బ్యాటరీ ఉంటే జనరేటర్‌ను నిండు లోడ్ మీద జల్ది నడిపి, బ్యాటరీ నింపి ఆపేయండ్రి, అమ్రాబాద్ దిక్కు డీజిల్ మోసుకపోయే సైట్లకైతే సోలార్ గూడ కలపాలె.

ఏ సెట్టింగ్ మార్చినా ఒక్కొక్కటే మార్చి, వారం కాల్ డ్రాప్‌లు చూసి, పెరిగితే అదే రోజు వెనకకు తిప్పుండ్రి.