మటన్ కూరలో వైన్ పోసేవాళ్లకు

మటన్‌లో రెడ్ వైన్ పోయాలనుకుంటే దించే ముందు మాత్రం పోయకండి, పచ్చి ఘాటు అలాగే నిలిచిపోతుంది. ఉల్లిపాయలు, ముక్కలు బాగా వేగి గిన్నె అడుగున గోధుమరంగు పొర అంటుకుంటుంది చూశారూ, అప్పుడు అర కప్పు పోసి గరిటెతో ఆ అడుగంతా గీకండి. అసలు రుచి అక్కడే ఉంది. వైన్ సగానికి ఇగిరి, ముక్కుకు గుచ్చే వాసన పోయాకే మసాలా, నీళ్లు.

వైన్‌కే పులుపు ఉంటుంది కాబట్టి మన చిత్తూరు అలవాటు ప్రకారం చింతపండు పిసికి పోసేయకండి, టమాటా కూడా తగ్గించండి. ఆ పులుపుకు అల్యూమినియం గిన్నె పనికిరాదు, స్టీలుది వాడండి. పోర్ట్ వైన్ అసలే వద్దు, తియ్యగా ఉంటుంది, కూర కాస్తా పానకమవుతుంది.

ఉడికితే ఆల్కహాల్ అంతా ఆవిరైపోతుందనేది ఉత్త మాట. అరగంట ఉడికినా దాదాపు మూడో వంతు మిగులుతుంది. పిల్లలకు, గర్భిణులకు ఆ కూర పెట్టకండి. మందు ముట్టని చుట్టాలొస్తే ముందే చెప్పేయండి. వాళ్లకోసం నల్లద్రాక్ష రసంలో కాస్త నిమ్మకాయ పిండి వాడినా బాగానే కుదురుతుంది, సంగటిలోకి నాకైతే అదే నచ్చుతుంది.

మిగిలిన వైన్‌ని ఐస్ ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. అన్నట్టు, కొన్న సీసా కారులో మర్చిపోయి కొండకు బయల్దేరేరు! తిరుమలకు మద్యం నిషేధం, అలిపిరిలో తనిఖీ ఉంటుంది.