మోటార్‌హోమ్ హౌస్ బ్యాటరీలు: నీళ్లు తగ్గినా, ఛార్జ్ నిలవకపోయినా ఎక్కడ చూడాలి, ఏం చేయాలి

ఇది నీళ్లు పోసే లెడ్ యాసిడ్ బ్యాటరీల సంగతి. అమెరికాలో చాలా మోటార్‌హోమ్‌లలో (లోపలే ఉంటూ ప్రయాణించే ఇల్లులాంటి బండ్లలో) లైట్లకీ, నీళ్ల పంపుకీ, హీటర్ ఫ్యానుకీ కరెంటిచ్చేవి గోల్ఫ్ కార్ట్ రకం 6 వోల్టుల బ్యాటరీలు రెండు. సిరీస్‌లో కలిపితే 12 వోల్టులు, దాదాపు 225 ఆంపియర్-అవర్లు. ఒక్కోదాంట్లో మూడు సెల్లు, అంటే చూడాల్సినవి ఆరు. ఏజీఎం (నీళ్లు పోయక్కర్లేని, మూసేసిన లెడ్ యాసిడ్ రకం), లిథియం రకాలైతే మూత జోలికే పోకండి. మన ఇళ్లలో ఇన్వర్టర్ బ్యాటరీకి ఉండే ఎరుపు-పచ్చ ఫ్లోట్ వీటికి ఉండదు కాబట్టి, మూత తీసి టార్చితో లోపలికి చూడాల్సిందే. లైటర్ వెలుగులో ఎప్పుడూ చూడొద్దు. ముందు ఛార్జర్ ఆపండి, రక్షణ కళ్లజోడు, రబ్బరు గ్లవ్స్ వేసుకోండి, ఉంగరాలూ వాచీ తీసేయండి.

సమస్య: నెల తిరక్కుండానే ఆరు సెల్లలోనూ నీళ్లు దిగిపోతున్నాయి

కారణం దాదాపు ఎప్పుడూ ఓవర్‌ఛార్జే. బ్యాటరీ నిండాక కూడా వచ్చే కరెంటు నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. బయటి కరెంటుతో బ్యాటరీని ఛార్జ్ చేసే పాత కన్వర్టర్లు చాలావరకు పగలూ రాత్రీ 13.6 వోల్టులే ఇస్తూ ఉంటాయి. బండిని ప్లగ్ పెట్టి నెలల తరబడి వదిలేస్తే, అందులోనూ ఫీనిక్స్ లాంటి చోట ఎండాకాలంలో, ప్లేట్లు బయటపడతాయి. నీళ్లు పోసి ఊరుకుంటే మళ్లీ అదే కథ. రెండు రోజులు ప్లగ్‌లో ఉన్నాక టెర్మినళ్ల మీద మల్టీమీటర్ పెట్టండి. నిలిపి ఉంచిన బండికి 13.2 చాలు. బ్యాటరీ నిండాక కూడా 14 దాటి చూపుతుంటే కన్వర్టర్ చెడిపోయినట్టు, లేదా సెట్టింగ్ తప్పు. దశలవారీగా వోల్టేజ్ తగ్గించే కన్వర్టర్ వేయించడమే అసలు పరిష్కారం. అందాకా నెలకోసారి, ఎండల్లో రెండు వారాలకోసారి మూతలు తీసి చూడండి.

నీళ్లు పోయడంలో చాలామంది వరస తప్పుతారు. హైడ్రోమీటర్ (ద్రవంలో యాసిడ్ ఎంత చిక్కగా ఉందో చూపే సాధనం) రీడింగ్ ముందు, ఛార్జ్ తర్వాత, నీళ్లు చివర. కొత్త నీళ్లు పైనే తేలుతాయి, కలిసేదాకా రీడింగ్ తప్పు చూపిస్తుంది. ఛార్జ్‌కి ముందే నిండా పోస్తే, ఛార్జ్ అవుతున్నప్పుడు ద్రవం పొంగి యాసిడ్ బయటికొస్తుంది. ఆ యాసిడ్‌తోపాటే బ్యాటరీ సామర్థ్యం కూడా పోతుంది. ప్లేట్లు బయటపడి కనిపిస్తే మాత్రం, అవి మునిగేంత మాత్రమే ముందు పోసి, పూర్తిగా ఛార్జ్ చేసి, ఆ తర్వాత నింపండి. మూత కింద లోపలికి దిగిన ప్లాస్టిక్ గొట్టం అడుగు అంచుకి 3 మిల్లీమీటర్లు కిందే ఆపాలి. నీరు ఆ అంచుని తాకగానే ఉపరితలం గుండ్రంగా ముడుచుకున్నట్టు కనిపిస్తుంది. అలా కనిపిస్తే ఎక్కువైనట్టే.

డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ వద్దు. క్యాంప్‌గ్రౌండ్ కుళాయి నీళ్లలో ఖనిజాలుంటాయి, తాగే నీళ్ల సీసాల్లో రుచికోసం ఖనిజాలు కలుపుతారు. సూపర్ మార్కెట్లో ఒక గాలన్ క్యాన్ కొంటే చాలాకాలం వస్తుంది. యాసిడ్ అసలు పోయకూడదు, ఆవిరయ్యేది నీళ్లే. వెనక వరస మూతలు చేతికందకపోతే రబ్బరు బల్బు నొక్కి ఆరు సెల్లకీ ఒకేసారి పంపే గొట్టాల కిట్ దొరుకుతుంది, ప్రో-ఫిల్ అలాంటిదే. అది పెట్టినా ఏడాదికి రెండుసార్లు తెరిచి చూడండి, ఒక వాల్వ్ ఇరుక్కున్నా ఆ సెల్ పొంగిపోతుంది.

సమస్య: ఒక్క సెల్ మాత్రమే నీళ్లు తాగుతోంది, లేదా ఒక్కటే అసలు తాగడం లేదు

పూర్తి ఛార్జ్‌లో ఆరింటికీ హైడ్రోమీటర్ 1.265 నుంచి 1.280 మధ్య చూపాలి. సెల్లల మధ్య తేడా 0.030 దాటితే ఈక్వలైజ్ చేయాలి, అంటే కావాలనే ఎక్కువ వోల్టేజ్‌తో ఛార్జ్ చేయడం. కంపెనీని బట్టి 15.5 నుంచి 16.2 వోల్టుల దాకా చెబుతారు, మీ బ్యాటరీ పుస్తకంలో ఉన్నదే పాటించండి. ఆ వోల్టేజ్‌కి బండిలోని 12 వోల్టుల బోర్డులు కాలిపోవచ్చు కాబట్టి వాటిని విడదీయండి. గంటకోసారి రీడింగ్ తీసి, పెరగడం ఆగగానే ఆపేయండి. అయినా ఒక సెల్ 0.050 కంటే ఎక్కువ వెనకబడి ఉంటే లోపల షార్ట్ అయినట్టే. అప్పుడు రెండు బ్యాటరీలూ కలిపి మార్చండి. ఒక్కటే మారిస్తే పాతది కొత్తదాన్ని కూడా పాడుచేస్తుంది.

సమస్య: సాయంత్రం 12.7 చూపిస్తుంది, అర్ధరాత్రికి హీటర్ ఆగిపోతుంది

ఛార్జర్ తీసిన వెంటనే కనిపించే 12.7ని నమ్మొద్దు. లోడ్ లేకుండా ఆరు గంటలు ఉంచి చూడండి. 12.1 అంటే సగమే మిగిలినట్టు, అంతకంటే కిందికి రోజూ దించితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. వోల్టేజ్ బాగున్నా హైడ్రోమీటర్ తక్కువ చూపితే ప్లేట్లకు సల్ఫేట్ (లెడ్ సల్ఫేట్ పొర) పట్టింది. ఎక్కువకాలం సగం ఛార్జ్‌తో వదిలేసిన బండిలో ఇది మామూలే. ఒకటి రెండు ఈక్వలైజ్‌లతో కొంత తేరుకోవచ్చు, గట్టిపడిపోతే తేరుకోదు. రెండు రీడింగులూ బాగుంటే కేబుళ్లు అనుమానించండి. ఇన్వర్టర్ మీద మైక్రోవేవ్ నడుస్తుండగా ఒక్కో కేబుల్ ఈ చివర నుంచి ఆ చివరకి కొలవండి. 0.3 వోల్టులు పోతుంటే ఆ బిగింపు వదులైంది, లేదా తుప్పు పట్టింది.

సమస్య: టెర్మినళ్ల మీద తెల్లటి, నీలిపచ్చ పొర

అర లీటరు నీళ్లలో పెద్ద చెంచాడు వంటసోడా కలపండి. మూతలు గట్టిగా బిగించాకే బ్రష్‌తో రుద్దండి, సోడా లోపల పడితే యాసిడ్ చచ్చిపోతుంది. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు చివర. వాజలిన్ బిగించాక పైన రాయాలి, మధ్యలో కాదు.

సమస్య: బండిలో కుళ్లిన గుడ్ల వాసన, లేదా కార్బన్ మోనాక్సైడ్ అలారం

ముందు నిజంగానే గ్యాస్ లీకో కార్బన్ మోనాక్సైడో అనుకుని నడుచుకోండి: ఏ స్విచ్చూ ముట్టకుండా అందరూ బయటికి, బయటనుంచి ప్రొపేన్ వాల్వ్ కట్టేయడం, ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్. అది కాదని తేలాకే బ్యాటరీని అనుమానించండి. ఎక్కువ ఛార్జ్ అవుతూ కాగిపోతున్న బ్యాటరీ హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది, హైడ్రోజన్‌కి కూడా ఆ అలారాలు మోగుతాయి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. వేడెక్కిన బ్యాటరీ మీద కేబుల్ పీకొద్దు. బయట ప్లగ్ దగ్గరే కరెంటు తీసి, బ్యాటరీ అర తలుపు తెరిచి చల్లారనివ్వండి. గాలి గొట్టంలో కందిరీగలు గూడు పెట్టాయేమో కూడా చూడండి.

సమస్య: ఏమీ వాడకుండానే నిలిపిన బండిలో బ్యాటరీ చచ్చిపోయింది

గ్యాస్ డిటెక్టర్, రేడియో, ఫ్రిజ్ బోర్డు కలిసి 100 మిల్లీఆంపియర్లు లాగినా నెలకి 72 ఆంపియర్-అవర్లు. నెలన్నరలో సగం ఖాళీ. బ్యాటరీ స్విచ్ తిప్పినా కొన్ని లాగుతూనే ఉంటాయి, నెగటివ్ కేబులే విప్పేయండి. మంచు పడే చోట ఇది మరీ ముఖ్యం: నిండా ఛార్జ్ ఉన్నది మైనస్ 50 డిగ్రీల సెల్సియస్ దాకా గడ్డకట్టదు, పూర్తిగా ఖాళీ అయినది మైనస్ 8 దగ్గరే గడ్డకడుతుంది. గడ్డకట్టిందని అనుమానముంటే ఛార్జర్ పెట్టకండి. వెచ్చని చోట పూర్తిగా కరిగించి, డబ్బా పగిలిందేమో, ఉబ్బిందేమో చూసి, ఆ రెండూ లేకపోతేనే ఛార్జ్ మొదలుపెట్టండి.